ఉత్తుత్తి మోటరు

కామారెడ్డి,
17 జూన్ 2012.

మరియ వదినకు జ్యోతి వందనాలు.

నాకు ఉద్యోగం వచ్చి నెల కావస్తోంది. ఏం పని చేస్తున్నావని నువ్వు ఫోన్లో అడిగిన ప్రతిసారీ, నేను నోరు తెరిచేలోపే అన్న "ఇగ చాలు, బ్యాటరీ అయిపోతది" అని లాక్కుంటున్నాడు. ఆ ఫోను ఆయన జేబులోనే పుట్టి పెరిగినట్టుంది. అందుకే ఈ ఉత్తరం. ఇది నీ ఒక్కదానికే.

మా ఆఫీసు స్టేషన్ రోడ్డులో ఉంది. కింద బాలనర్సయ్య మేస్త్రి మోటర్లకు వైండింగ్ చేసే దుకాణం, పైన మా రెండు గదులు. మా సిద్ధిరాములు సార్ ఒక పెట్టె తయారు చేయిస్తున్నాడు. దాన్ని పొలంలో మోటరు వేసే స్టార్టరు పక్కన బిగిస్తే, రైతు ఇంట్లో మంచం మీద కూర్చుని మిస్డ్ కాల్ ఇస్తే చాలు, బావి మోటరు నడుస్తుంది. మళ్లీ ఇస్తే ఆగుతుంది. ఆ మిస్డ్ కాల్ అందుకుని పెట్టెతో మాట్లాడే ప్రోగ్రాం రాసేది నేను.

ఈ పనికి నేను ఎగిరి గంతేసి ఎందుకు ఒప్పుకున్నానో నీకు తెలుసు. పోయినేడు దేవయ్య తాత చీకట్లో తడి చేత్తో స్టార్టరు ముట్టి చనిపోయాడు. అప్పటి నుంచి అన్న టార్చి పట్టుకుని వాగు దాటి వెళ్లిన ప్రతిసారీ, ఆయన తిరిగొచ్చేదాకా నువ్వు వాకిట్లోనే కూర్చుంటావు. సెలవులకొచ్చినప్పుడు నా కళ్లతో చూశాను. ఇంట్లో ఉండేదే మీరు ముగ్గురు, అన్న, నువ్వు, బాపు. మొదటి పెట్టె మన పొలంలోనే పెట్టాలని సార్‌ను ఒప్పించాను. వరినాట్లకల్లా అన్న ఆ చీకటి దారి నడవకుండా చేసే పూచీ నాది.

ఒక చిక్కుంది. పెట్టె ఇంకా తయారై రాలేదు. ఆఫీసులో మోటరూ లేదు, బావీ లేదు. కింద మేస్త్రి దగ్గర మోటర్లున్నాయి గానీ అవన్నీ మాడిపోయి వచ్చినవే. మరి నా ప్రోగ్రాం సరిగా ఉందని ఎలా తెలుస్తుంది? దానికి మాక్ ఆబ్జెక్టు అని ఒకటుంది. ఉత్తుత్తి మోటరు అనుకో. చిన్నపిల్లలు ఖాళీ చిప్పలో గరిటె తిప్పుతూ "ఉడికిందా?" అంటే "ఉడికింది" అంటారు చూడు, అలాంటిదే. "కరెంటు ఉందా అని అడిగితే ఉంది అను" అని నేను దానికి ముందే నేర్పిపెడతాను. కావాలంటే "మొదటిసారి ఉంది అను, రెండోసారి పోయింది అను" అని కూడా నేర్పొచ్చు. నా ప్రోగ్రాం అది నిజం మోటరే అనుకుని మాట్లాడుతుంది. చివర్లో "నిన్ను ఒక్కసారే వేశారా?" అని ఆ ఉత్తుత్తి మోటరు దగ్గరే సాక్ష్యం తీసుకుంటాను. అన్నీ సరిపోతే తెర మీద పచ్చ గీత, ఏదైనా తప్పితే ఎర్ర గీత.

దానికి నేర్పాలంటే నిజం మోటరు ఏం చేస్తుందో నాకు తెలియాలి. నా చదువంతా హాస్టళ్లలోనే గడిచింది, పొలం మొహం చూసిందే తక్కువ. కరెంటు వస్తే ఏమవుతుంది, అన్న ఏం చేస్తాడు, ఏమేం చెడిపోతాయి, అన్నీ రాయి వదినా.

నీ ఆడబిడ్డ,
జ్యోతి

*

ఎల్లారెడ్డి,
24 జూన్ 2012.

ప్రేమగల జ్యోతికి మరియ వదిన రాసేది. దేవుని దయవల్ల ఇక్కడ మేమందరం క్షేమం. నువ్వూ అక్కడ క్షేమంగా ఉన్నావని నమ్ముతున్నాను.

పెళ్లయ్యాక నేను పెన్ను పట్టేది సండే స్కూలు పిల్లల హాజరు రాయడానికే. అందుకని అక్షరాలు వంకరగా ఉంటే నవ్వకు. "ఎవరికి రాస్తున్నవ్?" అని మీ అన్న అడిగాడు. "మీ చెల్లె ఉత్తుత్తి మోటరు కొన్నదట, దానికి సుద్దులు చెప్తున్న" అన్నాను. "సదువుకున్నది గద, ఏదన్న చేస్తది" అని నవ్వాడు.

మోటరు గురించి రాయడానికి పెద్దగా ఏముంది? కరెంటు వస్తుంది. మీ అన్న వెళ్తాడు. పచ్చ బటను నొక్కుతాడు. నీళ్లొస్తాయి. కరెంటు పోతే ఆగిపోతుంది. మన మోటరు బంగారం, ఏ పేచీ పెట్టదు. చెడిపోయేది ఏమీ లేదు.

నారు పోశాం. ఈ మధ్య పొలం పని బాపే చూసుకుంటున్నాడు. మీ అన్నకు మాత్రం గారాబం ఎక్కువైంది. అన్నం నేనే కలిపి ముద్దలు పెట్టాలట. బాపు అటు తిరిగి కూర్చుంటున్నాడు. ఇంతకంటే విశేషాలు లేవు. వేళకు తిను. ఈ ఉత్తరం ఇవాళ చర్చికి వెళ్లినప్పుడు పోస్టులో వేస్తాను.

మరియ

*

కామారెడ్డి,
8 జూలై 2012.

ముద్దలు పెట్టే వదినకు వందనాలు.

ఆ సంగతి నా రూములో వాళ్లందరికీ చెప్పేశాను. పెళ్లయి ఆరేళ్లయ్యాక కూడా ఇంత ముద్దా అని ఒకమ్మాయి కుళ్లుకుని చస్తోంది. అన్నకు సిగ్గు లేదు సరే, నీకైనా ఉండొద్దా?

నిన్న సాయంత్రం తెర మీద అన్నీ పచ్చ గీతలే! సార్ నా వెనక నిలబడి చూసి "శెభాష్ బిడ్డా" అన్నాడు. ఆ మాట ఆయన నోట రావడం ఇక్కడెవరూ వినలేదట. నువ్వు రాసింది రాసినట్టు నేర్పాను. కరెంటు వచ్చింది, మోటరు వేశారు, కరెంటు పోయింది, ఆగింది. ఉత్తుత్తి మోటర్లను చేసిపెట్టే ప్రోగ్రాం ఒకటుంది, దాన్ని మేం లైబ్రరీ అంటాం, దాంట్లో ఇంకో సుఖముంది. నేర్పని ప్రశ్న అడిగినా ఉత్తుత్తి మోటరు గొడవ చేయదు. ఎన్ని అంటే సున్నా అంటుంది, ఉందా అంటే లేదు అంటుంది. ఎంత మర్యాదో చూడు. నా ప్రోగ్రాం మోటరు వేసే ముందు "ఏదైనా లోపం ఉందా?" అని ఒక మాట అడుగుతుంది. చెడిపోయేది ఏమీ లేదని నువ్వు రాశావు కదా, అందుకే ఆ ప్రశ్నకు జవాబేమీ నేర్పలేదు. అడిగిన ప్రతిసారీ అదే "లేదు" అనుకుంటూ పోయింది.

పెట్టె తయారై వచ్చింది. గురువారం సార్, ఫిట్టరు కలిసి మన పొలానికి వచ్చి బిగిస్తారు. ఇది బాగా నడిస్తే నా ఉద్యోగం ఖాయం చేస్తానన్నాడు సార్. ఇక నువ్వు ఆ వాకిట్లో కూర్చునే పీట పొయ్యిలో పెట్టేయొచ్చు.

జ్యోతి

*

ఎల్లారెడ్డి,
29 జూలై 2012.

జ్యోతికి వదిన రాసేది. దేవుని దయవల్ల మేమందరం క్షేమం. నువ్వూ క్షేమమని తలుస్తాను.

పెట్టె వచ్చింది, బిగించారు. పాస్టరుగారిని పిలిపించి ప్రార్థన చేయించాం. బాగా పనిచేస్తోందని మీ సార్‌కు చెప్పు. వానలు సరిగా లేక నాట్లు కొంచెం వెనకబడ్డాయి. మోటరు కొంచెం శుభ్రం చేయించాలని బయటికి తీశారు. నువ్వేమీ మనసులో పెట్టుకోకు. పని మీద శ్రద్ధ పెట్టు.

మరియ

*

కామారెడ్డి,
1 ఆగస్టు 2012.

వదినా,

నీ ఉత్తరమూ మన మోటరూ ఒకే రోజు వచ్చాయి.

పొద్దున ఆఫీసుకొస్తూ బాలనర్సయ్య మేస్త్రి దుకాణం ముందు దాన్ని చూశాను. ఎర్ర రంగుతో బాపు పేరు, 'అబ్రాహాము' అని రాసుంది. చోటు చాలక 'ము' కిందికి జారింది. ఐదో తరగతిలో నేను రాసిన అక్షరాలు నేను గుర్తుపట్టనా? మేస్త్రి అప్పటికే మూత విప్పాడు. "ఒక ఫేజు లేకుంటనే నడిపిచ్చిండ్రు బిడ్డా, కాయిలన్ని మాడినయ్. ఎల్లారెడ్డిల దుకాణాలన్ని నిండి ఉన్నయంట, గందుకే ఈడికి పంపిండ్రు" అన్నాడు. దాన్ని ఆటోలో తెచ్చిన మన ఊరి దేవన్న పక్కనే ఉన్నాడు. అన్న రాలేదేమని అడిగాను. "జాన్ చెయ్యి కాలింది గద, ఇంక పట్టు రాలే. నీకు తెల్వదా?" అన్నాడు.

నాకు తెలియదు. అక్కడే దుకాణం ముందు నిలబడి అందరూ చూస్తుండగా ఏడ్చాను. ముద్దలు పెడుతున్నానని రాశావు, నేను ఊరందరికీ చెప్పి నవ్వాను. నాకు నీ మీద ఎంత కోపంగా ఉందో చెప్పలేను. నీ ఉత్తరాలు నా ఉత్తుత్తి మోటరు లాగే ఉన్నాయి వదినా. ఏం అడిగినా అదే మర్యాద, అదే "క్షేమం".

పైకెళ్లి నా ప్రోగ్రాం మళ్లీ చదివాను. తప్పు నాలోనూ ఉంది. మోటరుకు మూడు తీగల్లో రావాల్సిన మూడు ఫేజులూ ఉన్నాయో లేవో కొలిచి చెప్పడానికి నిజం పెట్టెకు కొంత సమయం పడుతుంది. నా ప్రోగ్రాం అంతసేపు ఆగదు. జవాబు రాకపోతే లోపం లేనట్టే అని నేనే రాశాను. ఉత్తుత్తి మోటరు మాత్రం అడగ్గానే "లేదు" అనేది. అందుకే ఆ తప్పు ఒక్కసారీ బయటపడలేదు. పచ్చ గీతలు చూసి మురిసిపోయాను. మెట్లు దిగితే కింద మోటర్లు, మేస్త్రి, త్రీ ఫేజు కరెంటు అన్నీ ఉన్నాయి. ఒక్క రోజు కూడా దిగి అడగలేదు.

సార్‌కు అంతా చెప్పేశాను. నీ మొదటి ఉత్తరం అడిగి తీసుకుని చదివాడు. తర్వాత "మీ వదినను మళ్ల అడుగు. ఈసారి మంచియి కాదు, చెడ్డయి అడుగు" అన్నాడు.

అందుకే అడుగుతున్నాను. ఉత్తుత్తి మోటరును ఇప్పుడు కఠినంగా అమర్చాను. నేర్పని మాట ఒక్కటి అడిగినా "నాకిది చెప్పలేదు" అని అరుస్తుంది. నువ్వూ అలాగే ఉండు. నీ ఉత్తరంలో క్షేమం అన్న మాట కనిపిస్తే చదవకుండా వెనక్కి పంపిస్తాను.

జ్యోతి

*

ఎల్లారెడ్డి,
5 ఆగస్టు 2012.

జ్యోతీ,

నువ్వు వద్దన్న మాట రాయలేదు. అది లేకుండా ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చించాను.

మీ అన్న చెయ్యి జూన్‌లోనే కాలింది. నీ మొదటి ఉత్తరం వచ్చేనాటికి కట్టు కట్టించుకుని మంచం మీద ఉన్నాడు. వానకు స్టార్టరు తడిసింది. దాని డబ్బా తలుపు తీయబోతే కరెంటు కొట్టి గట్టు మీద పడేసింది. కుడి అరచేయంతా బొబ్బలు. నేను వాకిట్లోనే కూర్చున్నాను, నాకేమీ వినబడలేదు. ఆయనే లేచి నడిచొచ్చాడు. "చెల్లెకు చెప్పకు, కొత్త కొలువు, ఆగమైతది" అన్నాడు. సరే అన్నాను. తర్వాత పెట్టె బిగించారు, పది రోజులు బాగానే నడిచింది, ఒకనాడు మోటరు మాడింది. అది చెబితే నీ ఉద్యోగం పోతుందని భయపడ్డాను. నువ్వు నా కోసం పెట్టె చేస్తుంటే నేను నీ కోసం అబద్ధం రాశాను. ఇద్దరం కలిసి మంచి మోటరును మాడ్చాం.

ఇక అసలు సంగతి. స్టార్టరు పైన మూడు బల్బులుంటాయి, ఫేజుకొకటి, మీ అన్న బుగ్గలంటాడు. మీ అన్న బటను ముట్టుకునే ముందు తలెత్తి వాటిని చూస్తాడు. మూడూ వెలిగితేనే వేస్తాడు. ఒకటి ఆరినా, మసకబారినా "ఇయ్యాల లేదు" అని తిరిగొస్తాడు. ఇది మాత్రం నేను దాచలేదు జ్యోతీ, తోచలేదు. మనిషి తలెత్తి చూడటం కూడా ఒక పని అని ఎవరనుకుంటారు?

ఇంకా చెబుతాను, రాసుకో. మోటరు నడుస్తుండగానే ఒక ఫేజు పోతుంది, అప్పుడు దాని గొంతు మారి మూలుగుతుంది. కరెంటు వచ్చినట్టే వచ్చి పోతుంది, కుదురుగా నిలబడేదాకా మీ అన్న బీడీ కాల్చుకుంటూ ఆగుతాడు. స్టార్టరులో బల్లి దూరితే బటను నొక్కినా మోటరు కదలదు. ఒకసారి బాపు పొలంలో చేత్తో మోటరు వేశాడు. ఆ సంగతి తెలియక మీ అన్న ఇంటి నుంచి మిస్డ్ కాల్ ఇచ్చాడు. నడిచే మోటరు ఆగిపోయింది. ఆ సాయంత్రం తండ్రీకొడుకులు అరుచుకున్న అరుపులు వాగు అవతలికి వినిపించాయి.

ఇప్పుడు మీ అన్న "గా పెట్టె నాకొద్దు, నా కండ్లే నయం" అంటున్నాడు. మోటరు బాగై వస్తే మళ్లీ చీకట్లో అదే దారి. ఈసారి ఎడమ చేత్తో. నారు ముదురుతోంది, ఆగమని కూడా అనలేను. నాకు భయంగా ఉంది జ్యోతీ. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, చర్చిలో మోకాళ్ల మీద ఉన్నప్పుడు కూడా బయటికి అనలేదు. నీకే చెబుతున్నాను. ఏదో ఒకటి చెయ్యి.

మరియ

*

కామారెడ్డి,
14 ఆగస్టు 2012.

వదినా,

నీ ఉత్తరాన్ని నా కంప్యూటరు పక్కన గోడకు అతికించాను. సార్ రోజూ వచ్చి నిలబడి చదివి వెళ్తున్నాడు. బల్లి దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ నవ్వుతాడు.

ఉత్తుత్తి మోటరుకు నువ్వు చెప్పిన చెడ్డవన్నీ నేర్పాను. "లోపం ఉందా అని అడిగితే వెంటనే చెప్పకు, మాట్లాడకుండా ఉండు, తర్వాత రెండే ఫేజులున్నాయి అను" అన్నాను. "నడుస్తూ నడుస్తూ ఒక ఫేజు పోయిందను" అన్నాను. "చేత్తో వేశారని చెప్పు" అన్నాను. తెర నిండా ఎర్ర గీతలే. చిత్రంగా నాకు దిగులు వేయలేదు. పచ్చ గీతల్ని నమ్మి దెబ్బతిన్న నాకు ఈ ఎర్రవి చూస్తే చుట్టమొచ్చినంత సంబరంగా ఉంది. ఒక్కొక్కటే సరిచేశాను. ఇప్పుడు జవాబు రాకపోతే నా ప్రోగ్రాం మోటరు వేయదు, ఆగుతుంది. చివర్లో తీసుకునే సాక్ష్యం కూడా మారింది. ఇదివరకు "ఒక్కసారే వేశారా?" అని అడిగేదాన్ని. లోపం ఉన్నప్పుడు "ఒక్కసారి కూడా వేయలేదు కదా?" అని అడుగుతున్నాను.

అక్కడితో ఆపలేదు. మన పెట్టె తెప్పించి మెట్లు దిగి మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. మన మోటరుకు కొత్త వైండింగ్ అయిపోయింది, ఖర్చు ఆఫీసుదే. ఆయన పెట్టెకు వచ్చే మూడు తీగల్లో ఒకటి ఊడదీశాడు, నేను మిస్డ్ కాల్ ఇచ్చాను. మోటరు కదలలేదు. నా ఫోన్‌కు మెసేజు వచ్చింది. తీగ పెట్టాక మళ్లీ కాల్ ఇస్తే గిర్రున తిరిగింది. "గిది నాకంటె ఉషారున్నది" అన్నాడు మేస్త్రి.

ఆదివారం చర్చి అయ్యేసరికి ఫిట్టరుతో, మోటరుతో నేనే వస్తున్నాను. తడిసినా కరెంటు కొట్టకుండా స్టార్టరుకు ఎర్తు తీగ కూడా వేయిస్తాను. అన్న తిడితే తిట్టనీ. ఆయన అరచేయి చూడకుండా నాకు అన్నం సయించడం లేదు.

జ్యోతి

*

ఎల్లారెడ్డి,
9 సెప్టెంబరు 2012.

జ్యోతికి మరియ వదిన రాసేది.

ముందు బాగాలేనివి రాస్తాను, నీకవే ఇష్టం కదా. వంటింటి రేకు కారుతోంది. బర్రె పాలు తగ్గించింది. బాపు మోకాళ్లు పట్టేశాయి. ముదిరిన నారు నాటాం కాబట్టి దిగుబడి ఎలా ఉంటుందో చెప్పలేం. మీ అన్న చెయ్యి మానింది గానీ చిటికెన వేలు పూర్తిగా ముడవలేకపోతున్నాడు. తన అన్నం తనే కలుపుకుంటున్నాడు. ఈ ముక్క మీ రూము పిల్లలకు చెప్పు, కుళ్లుకున్న అమ్మాయి ఇక నిద్రపోవచ్చు.

నువ్వు వచ్చి వెళ్లాక మీ అన్న పెట్టెను వెంటనే నమ్మాడనుకోకు. ఇంట్లో మిస్డ్ కాల్ ఇచ్చి, టార్చి పట్టుకుని వెళ్లి బల్బులు కూడా చూసొచ్చేవాడు. "ఇంక ఈ పెట్టె ఎందుకు?" అంటే "సూస్తె పోయేదేముంది" అనేవాడు. నా పీట పొయ్యిలోకి పోలేదు, వాకిట్లోనే ఉంది.

మొన్న మంగళవారం రాత్రి కరెంటు వచ్చి ఇంట్లో బల్బు వెలిగింది. ఆయన మిస్డ్ కాల్ ఇచ్చాడు. ఎంతసేపటికీ ఏమీ లేదు. తర్వాత మెసేజు వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగు కదా, నేనే కూడబలుక్కుని చదివాను. "రెండు ఫేజులే ఉన్నాయి. మోటరు వేయలేదు." మీ అన్న ఊరుకుంటాడా? టార్చి తీసుకుని వెళ్లాడు. తిరిగొచ్చి గడపలో నిలబడి "మూడో బుగ్గ ఎలుగుత లేదు. అది సూసింది" అన్నాడు. మనిషి గురించి చెప్పినట్టే చెప్పాడు.

శుక్రవారం మళ్లీ అదే మెసేజు వచ్చింది. ఆయన మేకుకు వేలాడే టార్చి వైపు చూశాడు. నా వైపు చూశాడు. తర్వాత మంచం మీద పడుకుని దుప్పటి కప్పుకున్నాడు. నేను అలవాటు కొద్దీ వెళ్లి పీట మీద కూర్చున్నాను. "ఎవరి కోసం సూస్తున్నవ్? నేనీడనే ఉన్న గద" అన్నాడు లోపలి నుంచి. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇన్నేళ్లలో మోటరు నడవలేదని సంతోషపడ్డది ఆ ఒక్క రోజే. ఆయన కంటే నేనే ముందు నిద్రపోయానట. గురక కూడా పెట్టానని తెల్లారి బాపుకు చెప్పి నవ్వుతున్నాడు. అది మాత్రం నమ్మకు.

ఉత్తరం మొదట్లో రాసే మాట ఈసారి చివరికి దాచిపెట్టాను. బాపు అరుగు మీద కూర్చుని కాళ్లకు నూనె రాసుకుంటున్నాడు. మీ అన్న వంటింటి రేకు ఎక్కి కన్నం వెతుకుతున్నాడు. నేను ఇక్కడ ఉన్నాను. ముగ్గురినీ ఒకసారి తలెత్తి చూసుకుని రాస్తున్నాను జ్యోతీ, మేము క్షేమం.

మరియ